దయ్యాల నెల రక్తం

తైవాన్‌లోని తైనాన్‌లో, దయ్యాలు భూమ్మీదికొచ్చి తిరుగుతాయనే దయ్యాల నెల వచ్చిందంటే ఎంత చదువుకున్నవాడైనా ఒంటికి సూది తగలనివ్వడు. దయ్యాల్ని నమ్మం అంటారు, ఎందుకొచ్చిన గొడవ అనీ వాళ్ళే అంటారు. ల్యాబులో పరిశోధన చేసే సూ-యున్‌కేమో ప్రతి ప్రయోగానికీ తాజా రక్తం కావాలి. అందులోంచి తీసిన తెల్లకణాలు ఒక్కరోజు బతికితే గొప్ప. మామూలప్పుడు గ్లాసుడు పాల టీ ఇప్పిస్తే తోటివాళ్ళు చెయ్యి చాపేవాళ్ళు. ఆ నెలంతా ఆమెను చూస్తే చొక్కా చేతులు కిందికి లాక్కున్నారు. చేసేది లేక నర్సు దగ్గరికి వెళ్ళి తన రక్తమే తీయించుకుంది.

సెగగడ్డలు లేపే బాక్టీరియా ఒక విషాన్ని వదులుతుంది. మనల్ని కాపాడాల్సిన తెల్లకణాలకు అది చిల్లులు పొడుస్తుంది, అవి ఉబ్బి చస్తాయి. ఊపిరితిత్తుల్లో ఈ పని మొదలైతే మనిషి దక్కడం కష్టం. దీనికి విరుగుడు కోసం ఆ ల్యాబు నడిపే ఖో మాస్టారు ఇరవై ఏళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటున్నారు. ఆయన మందు నీళ్ళలో కరగనని మొండికేస్తే, సూ-యున్ దాన్ని తన రక్తం గడ్డకట్టాక పైకి తేలే సీరంలో కలిపింది. కణాలు బతికాయి! ఉత్త విషం పోసిన గిన్నెల్లో మాత్రం చచ్చి, వేసిన నీలి రంగంతా పీల్చుకున్నాయి. మాస్టారు పొంగిపోయి, తైపేలో జరగబోయే శాస్త్రవేత్తల సభలో ఈ సంగతి చెబుతానని మాటిచ్చేశారు.

దయ్యాల నెల గడిచింది. ల్యాబులో ఆమెకన్నా చిన్నవాడు జెంగ్-తా తనంతట తనే వచ్చాడు.

"తీసుకో అక్కా, దయ్యాలన్నీ ఇళ్ళకెళ్ళిపోయాయి."

అతని కణాలు, అతని సీరం, అదే మందు, అదే విషం. అన్నీ నీలమే.

సూ-యున్‌కి కాలు నిలవలేదు. రంగు పాడైందనుకుంది, కొత్త సీసా తెరిచింది. తర్వాత జెంగ్-తా మీద పడింది.

"రాత్రి తాగొచ్చావా?"

"తాగితే నేను పడిపోవాలి గానీ, నా కణాలెందుకు పగులుతాయక్కా?"

చెయ్యడానికి ఇంకొక్క పరీక్ష మిగిలింది. మందు లేకుండా, ఉత్త తన సీరం కలిపి, జెంగ్-తా కణాల మీద విషం పోసింది. ఒక్కటీ చావలేదు.

చిన్నప్పుడు ఆమె తొడల మీద ఒకదాని వెనక ఒకటి సెగగడ్డలు లేచేవి. అమ్మ చీము పిండుతుంటే వీధి వీధంతా వినపడేలా ఏడ్చేది. ఆ విషాన్ని అప్పుడే ఎరిగిన ఒళ్ళు దానికి తన విరుగుడు తాను చేసిపెట్టుకుంది. కణాల్ని కాపాడింది సీరంలోని ఆ విరుగుడే, మందు చేసిందేమీ లేదు. ఉత్త సీరంతో ముందే సరిచూసుకోవాలని నిన్నగాక మొన్న చేరిన విద్యార్థికైనా తెలుసు. ఆశ ఆమె కళ్ళకు గంతలు కట్టింది.

మాస్టారి గది ముందు అటూ ఇటూ తిరిగింది. సభ అయ్యేదాకా నోరు మూసుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఆ ఆలోచన వచ్చినందుకే తన మీద తనకు అసహ్యం వేసి, తలుపు తోసి అంతా చెప్పేసింది.

"మందు లేకుండానా?" అన్నారు మాస్టారు.

"లేకుండానే మాస్టారూ."

ఒక్క జెంగ్-తాతో ఏం తేలుతుందని, తన రక్తంతో మందును మళ్ళీ చూడమని ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచారు. ఆపరేషన్ గది బయట కాచుకున్న చుట్టంలా, పని అయ్యేదాకా ఆమె పక్కనే నిలబడ్డారు. కణాలు బతకాలని సూ-యున్ ఎంతగా కోరుకుందో ఆమెకే తెలుసు. ఆ కోరికే తప్పని కూడా తెలుసు.

చివరికి మైక్రోస్కోపులోకి మాస్టారే చూశారు. అక్కడా అన్నీ నీలమే.

"సభవాళ్ళకి నేను చెప్పుకుంటాను," అన్నారు అలాగే వంగి. "నువ్వెళ్ళి ఏమన్నా తిను. మొహం పీక్కుపోయింది."

నాలుగు తిట్టినా బాగుండేది. సూ-యున్ మెట్ల దాకా వెళ్ళింది గానీ, అక్కడే కూలబడి ఏడ్చింది.