చర్చికి రావలసిన కంకర

గిద్యోను చనిపోయింది పురసభ ఎన్నికల రోజు, తెల్లవారుజామున. ప్రతి ఎన్నికకూ పొద్దున ప్రార్థన కాగానే చర్చి గంట కొట్టి, వీధినంతా వెంటబెట్టుకుని బూతుకు నడిపించేది ఆయనే. ఆ రోజు అదే గంట ఆయన కోసం కొట్టారు. కురుగోడు మిషన్ వీధి మొత్తం ఓటు మాట మరిచి ఆయన ఇంటి ముందు కూర్చుంది. సమాధి చేసి వచ్చేసరికి బూతు మూసేశారు.

ఆ వీధి ఎప్పుడూ ఆంజినప్ప వైపే. అది కదలక ఆంజినప్ప ఓడాడు, వరి సాగుకు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ క్యాంపు మనిషి వెంకటరత్నం గెలిచాడు.

గిద్యోను భార్య యూనీస్ బడిలో టీచరు. సెలవు ముగిసి బడికి బయలుదేరిన రోజే పాలంగడి దగ్గర ఆంజినప్ప ఎదురయ్యాడు.

"తప్పుగా అనుకోవద్దు టీచరమ్మా, సుమ్మనే, ఊరికే అడుగుతాండా. చోరనూరు నుంచి నీ ఆడబిడ్డ రావాలనే గదా పెట్టె ఎత్తకుండా ఆపిండేది? ఆయమ్మ మధ్యాన్నమే దిగె. మల్ల సాయంత్రందాకా ఏంది కథ? బూతు మూసేది చూసుకోని ఎత్తినారా?"

"అదంతా మా మరిది చూసుకున్నాడప్పా."

"నేను జెప్పేదీ అదే," అని ఆంజినప్ప బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

బడిలో ఆమె పాఠం చెప్పింది గానీ మనసు కంకర మీదే ఉంది. క్రితం వారం వెంకటరత్నం ట్రాక్టరు వచ్చి మరిది రాజ్ కుమార్ గుమ్మం ముందు ఒక లోడు కంకర పోసి పోయింది. అప్పుడు చూసి ఊరుకుంది.

సాయంత్రం నేరుగా మరిది ఇంటికే పోయింది.

"మీ అన్నను అంతసేపు ఎందుకు పెట్టుకున్యాం రాజూ?"

"గుంత తీసేటోళ్ళు దొరకల్యా వదినా. అందరూ ఓటు క్యూలో ఉండిరి."

"మన వీధోళ్ళు పోల్యా గదా."

"పోండి పోండని నేనే మొత్తుకుంటి. ఆంజినప్ప ఆటో గూడా పంపిచ్చె, ఖాళీగా తిరిగిపాయ. ఏ గుర్తు మీద ఒత్తాలో అన్న చెప్పల్యా అనిరి. నేనేం జేసేది?"

"మరి ఈ కంకర?"

"అన్నే అడిగిండె వదినా. చర్చి ముందర బురద అని ఎలచ్చనుకు ముందే వెంకటరత్నంను అడిగిండె. చర్చి గేటులో ట్రాక్టరు పట్టదని ఈడ ఏసినారు."

యూనీస్ తల ఊపి లేచింది. గిద్యోను శవపెట్టెను చర్చికి తెచ్చింది ట్రాక్టరు మీదే. అది ఆ గేటులోంచే లోపలికి పోయింది. ఆమె దాని వెనకే నడిచింది.

అయినా మాట మొత్తం అబద్ధమని ఎలా అనుకోవడం? ఆ ఏడు ఏ గుర్తు చెప్పబోతున్నాడో గిద్యోను ఆమెకూ చెప్పలేదు. ఎప్పుడూ ముందుగా చెప్పేవాడు కాదు. గంట కొట్టి, చర్చి మెట్ల మీద ఒక్క మాట అనేవాడు. అంతే.

ఇంటి దగ్గర పక్కింటి సౌభాగ్యమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది.

"అక్కా, ఆ దినం రాజు మిమ్మల్ని ఓటుకు పొమ్మన్యాడా?"

"అన్యాడో ల్యాదో, యాదికి ల్యాదు తల్లీ. అన్నను ఈడ పండబెట్టుకోని ఎవురు పోతారు?"

"ఇన్నేండ్లూ ఆంజినప్పకే ఎందుకేస్తిరి?"

"అన్న చెప్పె, ఏస్తిమి." సౌభాగ్యమ్మ చేట పక్కన పెట్టి గొంతు తగ్గించింది. "తాలూకా ఎలచ్చను వస్తాదంట గదా. ఇంగ మీద నువ్వే చెప్పాల. యాడ ఒత్తేది?"

యూనీస్ లోపలికి పోయింది. కంకర గిద్యోను అడిగిందే అయితే, వీధిని క్యాంపు వైపు తిప్పడానికి ఆయనే మాట ఇచ్చి ఉండాలి. కాకపోతే, ఆయన శవాన్ని అడ్డం పెట్టుకున్నది తమ్ముడు. రెండింటిలో ఏది వినాలని ఉందో ఆమెకే తెలియలేదు.

ఆ సంగతి చెప్పగలిగింది వెంకటరత్నం ఒక్కడే. ఆయన ఇల్లు బడికి పోయే దారిలోనే ఉంది. యూనీస్ రోజూ ఆ దారినే పోయి వస్తోంది. ఇంకా అడగలేదు.