పైకే ఉన్న మీట

తన తుపాకుల కొట్లో గాజు బల్ల మీద లొరెట్టా రెండు పిస్టళ్లు పెట్టింది. నల్ల ప్లాస్టిక్ పిడిదైతే ట్రిగ్గర్ నొక్కగానే పేలుతుంది. ఉక్కుదైతే ముందు బొటనవేలితో సేఫ్టీ మీట కిందికి దించాలి.

మొన్ననే పోలీసు ఉద్యోగం నుంచి రిటైరైన ట్రూయిట్ ఉక్కుదాన్ని చేతిలోకి తీసుకుని ముద్దుగా నిమిరాడు. "ఇరవై ఏళ్లు ఆ ప్లాస్టిక్ డబ్బానే మోశాను. ఇకనైనా పిస్టల్‌లా కనిపించేది కొనుక్కోనీ."

"మా డ్వైట్ కూడా అట్లానే మురిసిపోయాడు."

డ్వైట్ ఆమె భర్త, ట్రూయిట్‌తో కలిసి అదే ప్లాస్టిక్ పిస్టల్ మోసి, అతనికన్నా ముందే రిటైరైనవాడు. పోయినేడు పెట్రోలు బంకులో ఒక దొంగ అతన్ని కాల్చి చంపాడు.

"పాపం, పిస్టల్ తీసే వ్యవధి కూడా దొరకలేదట."

"తీశాడు. గురీ పెట్టాడు. ట్రిగ్గర్ నొక్కుతూనే పోయాడు. వేళ్లు విడదీసి పిస్టల్ నా చేతికిచ్చారు. మీట పైకే ఉంది."

ట్రూయిట్ కాసేపు తన బొటనవేలి వంక చూసుకున్నాడు. "నేనైతే మరిచిపోనులే."

"మరుపు కాదయ్యా. ఇరవై ఏళ్లు పనిలేని వేలు, ప్రాణం మీదికొచ్చినప్పుడు కొత్తగా నేర్చుకుంటుందా?" లొరెట్టా ఉక్కు పిస్టల్‌ని అతని చేతిలోంచి లాక్కుని, బీరువాలో పెట్టి తాళం వేసింది. "రిటైర్మెంట్ కానుకగా ఇలాంటిదాన్నే ఆయనకి ఏరి ఇచ్చింది నేనే."