కూజాల పొట్ట కొట్టారు

కూజాల్లాంటి ఆకుల్లో ఈగల్ని పట్టి తినే ఆ కూజా మొక్కల పొట్ట కొట్టింది మీరే. తోట కమిటీ పెద్దలారా, ముక్కు మూసుకుని వచ్చి, మూసిన ముక్కుతోనే తీర్పు చెప్పి వెళ్లింది మీరే. గాజుగదిలో కంపు ఉండకూడదన్నారు. అది ఎందుకు వస్తోందని ఒక్కరైనా అడిగారా?

ఆ గదిని చూసుకునే పరిశోధకురాలిని తోటలో అందరూ వదిన అనే పిలుస్తారు. పనివాళ్ల మేస్త్రీ ఆమె సొంత మరిది. అతని నోటి నుంచి ఆ పిలుపు అందరికీ అంటుకుంది. ఆమె ఊరెళ్లి తిరిగొచ్చి తలుపు తీస్తే, కంపు లేదు. బ్లీచింగ్ వాసన. భుజం మీది సంచి కూడా దించకుండా ఒక్కో కూజాలోకీ తొంగిచూసింది. నీళ్లు తేటగా ఉన్నాయి. వాటి మీద ఈగలు చెక్కుచెదరకుండా తేలుతున్నాయి.

"ఎవడ్రా వీటిని కడిగింది?"

"నేనే వదినా," అన్నాడు మరిది, మెచ్చుకుంటుందేమోనని. "కమిటీ చెప్పింది. ఒక్కోదాన్లో బ్రష్షు పెట్టి తోమించా. అద్దంలా లేవూ?"

"లేకేం! వంటవాళ్లందర్నీ చంపేసి, గిన్నెలు ఎంత తళతళలాడుతున్నాయో చూడమంటున్నావు."

"వంటవాళ్లెవరు?"

"లోపలుండే బాక్టీరియా, నాయనా! ఈ రకం మొక్క పురుగును పడుతుందే గానీ, తనంతట తాను సరిగ్గా అరిగించుకోలేదు. కుళ్లబెట్టి పెట్టేది అవే. ఈ ఈగ చూడు, రెక్కయినా నలగలేదు. నోట్లో కూడుంది, అరిగించే దిక్కు లేదు."

మరిది ముఖం మాడిపోయింది. "బాక్టీరియా అంటే రోగమే కదా వదినా?"

"నీ పొట్టలో లేవనుకున్నావా? ఆగు, అక్కడికీ బ్రష్షు పంపిస్తా."

నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. వదిన కూర్చోదు, నిలబడదు. ఈ మొక్కలు పెరిగిన చిత్తడి నేలను ఎప్పుడో పూడ్చేశారు. ఇక్కడ పోతే ఇంకెక్కడా లేవు. బల్లల కింద, కుండీల సందుల్లో వెతుక్కుంటూ పోయింది. నీళ్ల ట్యాంకు వెనక ఇరుక్కున్న ఒక పిలక కనిపించింది. దాని కూజాలో నీళ్లు కషాయంలా ఉన్నాయి. కంపు గుప్పుమంది. వదిన దాన్ని గుండెల నిండా పీల్చింది.

"దీన్ని వదిలేశావేం?"

"ఎవరి చెయ్యీ దూరలేదు వదినా. కమిటీ ఇవాళ మళ్లీ వస్తోందని ఒక బక్కోణ్ణి పిలిచా. బ్లీచు తీసుకుని వచ్చేస్తుంటాడు."

బయట డ్రమ్ము దొర్లుతున్న చప్పుడు వినిపించింది. వదిన పరుగున వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడు కమిటీకి ఏం చెప్పను?" మరిది చేతులు నలుపుకున్నాడు.

"ఏం చెబుతావా? ముందు ఆ డ్రమ్మును వెనక్కి పంపు. ఈ గది తాళం నా చేతికియ్యి. కడిగిన ప్రతి కూజానీ వాననీళ్లతో జాడించి, ఆ పిలకలోని కంపు నీళ్లు తలా ఒక చుక్క పొయ్యాలి. వాసన పడనివాళ్లను బయటే నిలబడమను. ఇప్పుడే, కదులు!"