మెంబరుగారి తాడు

మెలకువ రాగానే ముసలాయన చీలమండకున్న ముడి విప్పుకున్నాడు. తాడు రెండో కొస తోపుడుబండి చక్రానికి ఉంది. రాత్రి ఎవడైనా బండి కదిపితే కాలు లాగి మెలకువ వస్తుంది. మూసిన కొట్టు అరుగు మీద ఏళ్ల తరబడి ఆయన ఇలాగే పడుకుంటున్నాడు.

పాత సామాన్లు కొని అమ్ముకునే ఆయనను బజారంతా బండి తాత అనేది. ఈమధ్య మెంబరుగారూ అంటోంది. ఇల్లు లేనివాళ్ల ఆశ్రయం ఎలా ఉండాలో వాళ్లనే అడుగుదామని మునిసిపాలిటీవాళ్లు కమిటీ వేసి, అందులో ఈయన్నీ కూర్చోబెట్టారు మరి. ఆశ్రయంలో మంచాలున్నాయి, బండికి చోటు లేదు. బండిని వీధిలో వదిలి లోపల పడుకుంటే తెల్లారేసరికి కూడూ గుడ్డా మాయం. ఈ ఒక్క మాటా చెప్పాలని ఆ రోజు కమిటీ మీటింగుకి వెళ్తూ దారి పొడవునా వల్లె వేశాడు. అందుకోసం గడ్డం కూడా గీయించుకున్నాడు.

బండిని గేటు కాపలావాడికి అప్పగించి, తాడు జేబులో కుక్కుకుని లోపలికి వెళ్లాడు. ఫ్యాను కింద మెత్తటి కుర్చీ. అధ్యక్షురాలు ఏదో చదువుతూనే ఉంది. కునుకు ముంచుకొచ్చింది. అలవాటైన చేతులు ఆయన్ని అడక్కుండానే తాడు తీసి కాలిని కుర్చీకి కట్టేశాయి.

"తాతగారూ, మీకేం కావాలో చెప్పండి."

ఉలిక్కిపడ్డాడు. వల్లె వేసిందంతా గాలికి పోయింది. పిలిచి కూర్చోబెట్టినవాళ్లను నొప్పించడం ఎలాగని, "అంతా బాగుందమ్మా" అనేశాడు. తన నోటిని తానే తిట్టుకుంటూ దణ్ణం పెట్టి గుమ్మంవైపు నడిచాడు. కుర్చీ కూడా వెంట నడిచింది.

గదంతా గొల్లుమంది. అధ్యక్షురాలు నవ్వు ఆపుకోలేక ఇదేమిటని అడిగింది. ఆయనకు చచ్చేంత సిగ్గేసింది.

"అలవాటమ్మా. బండి పోతుందని కట్టుకుంటా. అది వీధిలో ఉంటే నేను లోపలెట్లా పడుకోను?"

అధ్యక్షురాలు నవ్వు ఆపి ఆ మాట కాగితం మీద రాసుకుంది.

వానలు మొదలయ్యేలోగా ఆశ్రయం వెనక రేకుల షెడ్డు లేచింది. అందులోకి తొలి బండి మెంబరుగారిదే. షెడ్డు తాళం రెండుసార్లు లాగి చూసుకుని వచ్చి మంచమెక్కాడు. ఇంత మెత్తటి పరుపు మీద మనిషన్నవాడికి నిద్రెలా పడుతుందని పక్క మంచం వాడితో సణుగుతూ, ఆ మాట పూర్తికాకుండానే గురక అందుకున్నాడు.

పొద్దున టీ తెచ్చిన వార్డెను ఎంత పిలిచినా లేవలేదు. నిద్రలోనే పోయాడు. నా అనేవాళ్లు లేకపోవడంతో పక్క మంచం వాడే కూర్చుని ఏడ్చాడు. మంచం కింద, చెప్పుల పక్కన, తాడు ముడులన్నీ విప్పి చుట్టగా చుట్టి ఉంది.