వెనక్కి తీసుకున్న విత్తనం

విత్తన పరిశోధన కేంద్రంలో ఆమె పని శనగ మొక్కలకు పెళ్ళిళ్ళు చేయడమని అన్నయ్య వేళాకోళం చేసేవాడు. విచ్చని మొగ్గను పట్టకారుతో విప్పి, లోపలి కేసరాలు తీసేసి, మరో మొక్క పుప్పొడి అద్ది, కాడకు గుర్తుగా దారం కట్టేది. పొద్దుటి నుంచి తల ఎత్తకుండా చేస్తే వందకు ఇరవై నిలిచేవి. ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే, "మా పెళ్ళిళ్ళ పేరమ్మ వచ్చిందోయ్, కాఫీ పెట్టు" అని వదినకు కేక వేసేవాడు.

అన్నయ్యకు ఉన్నది రెండెకరాలు. ఆ నేలలో ఎండు తెగులు పాతుకుపోయింది. పూత మీదున్న చేను వారం తిరిగేసరికి వాడి వాలిపోయేది. అందుకే ఆమె తన కొత్త రకాన్ని ఆ చేలోనే పరీక్షకు వేయించింది. చుట్టుపక్కల చేలన్నీ ఎండిపోయిన ఏడాది, అన్నయ్య మడి ఒక్కటే పచ్చగా నిలబడింది. ఆయన ఆనందం పట్టలేక రోజుకు నాలుగుసార్లు చేలోకి వెళ్ళి చూసుకునేవాడు.

గింజ మాత్రం చిన్నది, తోలు నలుపు. కొత్త రకాలను ఆమోదించే కమిటీలో కూర్చున్న టోకు వర్తకుడు నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని పెదవి విరిచాడు.

"లావుగా, తెల్లగా ఉంటేనే కొంటారమ్మా. వీటిని చూస్తే రాళ్ళనుకుంటారు."

ఆ రకం అక్కడితో ఆగిపోయింది. ఆమోదం లేని విత్తనం రైతు దగ్గర ఉండకూడదు. పరీక్షలో పండిందంతా వెనక్కి తెమ్మని డైరెక్టరు ఆమెనే పంపాడు.

"వాళ్ళు కొనకపోతే మానేశారు. ఇంట్లోకి వండుకుంటాం, మిగిలింది విత్తుకుంటాం. ఉంచవే," అన్నాడు అన్నయ్య.

"నా చేతుల్లో లేదన్నయ్యా. లావు గింజతో మళ్ళీ కలుపుతున్నాను. ఇంకో ఆరేళ్ళు ఓపిక పట్టు."

"ఆరేళ్ళా!" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. బస్తాలు తనే మోసి జీపులో పెట్టాడు.

తర్వాత మార్కెట్టు అడిగే లావు రకమే వేశాడు. రెండేళ్ళు వరసగా ఎండిపోయింది. మూడో ఏడాది పొలం పక్కింటాయనకు కౌలుకిచ్చి, పప్పు మిల్లులో బస్తాలు మోయడానికి కుదిరాడు. ఓ మధ్యాహ్నం బస్తాతో సహా మెట్ల మీద నుంచి జారిపడ్డాడు. ఆస్పత్రిలో చెల్లెలు కనిపించినప్పుడల్లా "కొత్త సంబంధం కుదిరిందా?" అని అడిగేవాడు. పన్నెండో రోజు అడగడానికి ఆయన లేడు.

కొత్త రకం రావడానికి ఏడేళ్ళు పట్టింది. తెగులుకు తట్టుకుంది. గింజ లావు, రంగు లేత. ఆ వర్తకుడే మెచ్చుకున్నాడు. ఆమె మొదటి సంచి తీసుకుని మిల్లుకు వెళ్ళింది. వదిన ఇప్పుడు అక్కడే పుచ్చు గింజలు ఏరుతోంది. భోజనాల వేళ బయటికొచ్చి, గోడ నీడన కూర్చుని, గింజల్ని వేళ్ళ మధ్య దొర్లించి చూసింది.

"బాగున్నాయి," అంది. గింజల్ని మళ్ళీ సంచిలో పోసి, "ఆ రోజు బస్తాల కోసం నువ్వొచ్చే ముందు ఓ గుప్పెడు దాచమన్నాను మీ అన్నయ్యని. ఎవరు చూడొచ్చారన్నాను. 'చెల్లికి మాటొస్తుంది, వద్దు' అన్నాడు."

ఒక్క గుప్పెడు చాలు, రెండు పంటల్లో ఎకరానికి విత్తనమయ్యేది. ఆ సంగతి ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు.

"వదినా, నేనే..."

"నిన్నేమీ అనడం లేదమ్మా. చెప్పాలనిపించింది, చెప్పాను."

గంట మోగింది. వదిన చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె సంచితో, అన్నయ్య పొలం కౌలుకు చేస్తున్న పక్కింటాయన దగ్గరికి వెళ్ళింది. ఎంత లోతున వేయాలి, ఎంత ఎడం ఉండాలి అని ఆయన అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పింది. మర్నాడు ఆయన విత్తడం మొదలుపెడితే గట్టు మీద నిలబడింది.

"ఎండలో ఎందుకమ్మా, ఇంటికెళ్ళి కూర్చోండి," అన్నాడాయన.

"ఈ సాలు అయిపోనివ్వండి," అంది.