ఎత్తిన చెయ్యి

మా థియేటర్లో చప్పట్లు కింది నుంచి పైకి రావు, పై నుంచి కిందికి దిగుతాయి. కింద మెత్తటి కుర్చీల్లో కూర్చునేవాళ్ళు ఫ్యాక్టరీ యూనియన్ టికెట్ల మీద వచ్చినవాళ్ళు, విదేశీ టూరిస్టులు, పెళ్ళాం పోరు పడలేక వచ్చిన మొగుళ్ళు. ఎక్కడ చప్పట్లు కొట్టాలో పాపం వాళ్ళకి తెలియదు. మూడో అంతస్తు గ్యాలరీలో స్తంభాల పక్కన మెడలు సాచి నిలబడే మేం కొడితే వాళ్ళూ కొడతారు. మేమేమో వెనియమీన్ సవేల్యెవిచ్ చేతులు చూసి కొడతాం.

ఆయన పాత సర్వేయరు. రిటైరై చాలా ఏళ్ళయింది. లెనిన్‌గ్రాద్‌లో బాలే నృత్యం అంటే చెవి కోసుకునేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు గాని, ఆయనకి కోసుకోవడానికి చెవులు చాలవు. ఏ నర్తకి ఏ మోకాలు నొప్పితో ఆడుతోందో పైనుంచే చెప్పేస్తాడు. నా పేరు కాపా, మందుల షాపులో పనిచేస్తాను. రోజంతా జనం దగ్గులు విని, దగ్గని జనం మధ్య ఓ పూట నిలబడదామని ఇక్కడికి రావడం మొదలుపెట్టాను. అలా వచ్చినదాన్ని ఇక పోలేదు.

ఆ డిసెంబరులో ఒక సాయంత్రం టికెట్ల కిటికీ పక్కన బోర్డు మీద వేషధారుల పేర్లు మారాయి. 'గంటల మేస్త్రీ కూతురు' బాలేలో కూతురి వేషం దోల్గినాది. ఆమె చీలమండ విరిగింది. ఆ వేషం వచ్చిన ఇంకొకామె టూరుకి పోయింది. దాంతో ఆదివారం మధ్యాహ్నం ఆటకి తాయిసియా బ్రూస్నికినా పేరు వేశారు. మా గ్యాలరీకి ఆవిడ తాయా.

వెనియమీన్ సవేల్యెవిచ్ బోర్డు ముందు టోపీ తీసేసి నిలబడ్డాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఆ తర్వాత విరామంలో మమ్మల్ని బఫేకి తీసుకెళ్ళి, ఎన్నడూ లేనిది, ముగ్గురికీ తనే చేపముక్క పెట్టిన బ్రెడ్డు కొన్నాడు.

మూడో మనిషి రిమ్మా. పళ్ళ డాక్టరు. ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు గాని, నోరు తెరిస్తే ఎదుటివాళ్ళు నోరు మూసుకోవాల్సిందే. ఆమె దోల్గినా పక్షం.

"బ్రూస్నికినా చెలికత్తె వేషాలకి బాగుంటుంది. ఆ మాట నేనూ ఒప్పుకుంటా. కానీ కూతురి వేషం వేరు బాబూ. మొదటి అంకమంతా గంతులే. ముప్ఫై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో ఏం గంతులేస్తుంది?" అంది.

"గంతులు దోల్గినా వేస్తుంది. మూడో అంకంలో ఏం చేస్తుందో చెప్పు," అన్నాడాయన.

"ఏం చేస్తుంది, నిలబడుతుంది."

"నిలబడటం కాదు, ఆగాలి. రెండిటికీ తేడా ఉంది రిమ్మా. గంట పగిలిపోయింది, తండ్రి తలపట్టుకుని కూర్చున్నాడు, కొత్త గంట నిలవాలంటే ఆ పిల్ల కరిగిన కంచులో దూకాలి, దూకేముందు దాని చుట్టూ మునివేళ్ళ మీద నడవాలి. వాద్యాలు దాదాపు ఆగిపోతాయి. పట్టుకోవడానికి చెయ్యి ఉండదు, దాక్కోవడానికి సంగీతం ఉండదు. దోల్గినా అక్కడ ఎప్పుడు అయిపోతుందా అని చూస్తుంటుంది. తాయా అయితే మనల్ని ఊపిరి తీసుకోనివ్వదు."

"ఎలా తెలుసు మీకు? ఆవిడ ఆ వేషం ఎప్పుడూ వేయలేదుగా," అన్నాను.

"పద్దెనిమిదేళ్ళుగా చెలికత్తెగా పక్కన నిలబడి చూస్తోంది కాపా. హీరోయిన్ నడుస్తుంటే ఈమె కాళ్ళు పావడా కింద కదులుతుంటాయి. నువ్వెప్పుడూ చూడలేదా?"

చూడలేదు. నేనెప్పుడూ నడిచేవాళ్ళనే చూశాను. చెప్పడానికి సిగ్గేసి బ్రెడ్డు కొరికాను.

రిమ్మా చుట్టూ చూసి గొంతు తగ్గించింది. ఆమె దగ్గర పళ్ళు కట్టించుకునేవాళ్ళలో థియేటరు బట్టల విభాగం ఆవిడ ఒకరున్నారు. లోపలి కబుర్లన్నీ అటు నుంచే వస్తాయి.

"ఆదివారం మన థియేటరు పెద్దాయన తన బాక్సులో కూర్చుని చూస్తాడట. జనం మెచ్చుకుంటే బ్రూస్నికినాని ఇంకో రెండు సీజన్లు ఉంచుతారు, ఈ వేషం కూడా ఇస్తారు. లేదంటే వేసవికి పెన్షన్ కాగితం చేతిలో పెట్టేస్తారు. కాబట్టి మీకు ఆవిడంటే అంత ప్రేముంటే, చేతులు వాచిపోయేలా కొట్టండి. నేనూ కొడతాలెండి, దోల్గినాకి చెప్పకండి."

వెనియమీన్ సవేల్యెవిచ్ నవ్వలేదు. "చప్పట్లు కొట్టం," అన్నాడు.

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

"కాపా, నీకు చెప్పాను గుర్తుందా? యుద్ధం అయిపోయిన ఏడు. ఇదే గ్యాలరీ. ఆ రోజు ఆడినావిడ పేరు ఇప్పుడెవరికీ తెలియదు. చివర గంట మోగింది, తెర దిగింది, ఒక్కరు చెయ్యి కదపలేదు. గంట రొద పూర్తిగా చచ్చిపోయేదాకా, ఆ తర్వాత ఇంకాసేపు. మా పెద్దవాళ్ళు దాన్ని చెయ్యెత్తడం అనేవాళ్ళు. గ్యాలరీ పెద్ద చెయ్యెత్తితే దించేదాకా ఎవరూ కొట్టకూడదు. దించాక చప్పట్లతో థియేటరు కూలిపోయినంత పనయింది. చప్పట్లు అందరికీ ఇస్తాం. మౌనం మాత్రం ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వం. తాయాకి అదే ఇస్తాను."

"అప్పుడు కిందున్నవాళ్ళకీ ఆ ఆచారం తెలుసు వెనియమీన్ సవేల్యెవిచ్. ఇప్పుడు కిందున్నవాళ్ళకి మరుగుదొడ్డి ఎటో కూడా తెలియదు," అన్నాను.

"పైగా తెర వెనకాల వాళ్ళకి మన మొహాలు కనబడవు. చప్పుడు వినబడితేనే తెర మళ్ళీ లేస్తుంది. వినబడకపోతే లేవదు, అంతే. ఆ తెర లాగే అతను కొత్తవాడు కూడా," అంది రిమ్మా.

"మామూలు మనుషుల్లా చప్పట్లు కొడదాం," అన్నాను మళ్ళీ.

"మామూలు చప్పట్లు ఆమెకి పద్దెనిమిదేళ్ళుగా కొడుతూనే ఉన్నాను," అన్నాడాయన. ఒంటరి మనిషి, ఇన్నేళ్ళు దాచుకున్న కానుక ఇస్తానంటుంటే వద్దని ఎలా అంటాం?

ఆదివారం మంచు ఎడతెరిపి లేకుండా పడింది. గ్యాలరీలో కాలు పెట్టే సందు లేదు. తాయా అంటే మా అందరికీ అభిమానమే. ఎవరికీ అసూయ పుట్టించనివాళ్ళంటే ఉండే అభిమానం అది. దుర్భిణిలో చూస్తే పెద్దాయన బాక్సులో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు.

మొదటి అంకం గురించి అబద్ధం చెప్పను. గంతులు ఎత్తుగా లేవు. ఒకచోట కాలు కాస్త తడబడింది, రిమ్మా నా మోచెయ్యి గిల్లింది. చప్పట్లు పడ్డాయి, మర్యాదకి పడ్డట్టు. రెండో అంకంలో సంత. తాయా గాజులమ్మే ఆవిడతో బేరమాడే చోట కిందున్నవాళ్ళు కూడా నవ్వారు. వెనియమీన్ సవేల్యెవిచ్ రెయిలింగు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

మూడో అంకంలో ఆమె కరిగిన కంచు చుట్టూ నడిచింది.

నేను దాన్ని ఎలా చెప్పాలో తెలియక చాలాసార్లు మొదలుపెట్టి మానేశాను. ఆమె ఏమీ చేయలేదు. ఒక్కో అడుగూ వేసి, అక్కడే ఆగి, ఇంకో అడుగు వేయాలా వద్దా అని నిజంగా ఆలోచించింది. ఇంతమంది ముందు ఒక మనిషి నిజంగా ఆలోచించడం నేను ఎన్నడూ చూడలేదు. దోల్గినా ఆ నడక నడిచినప్పుడల్లా చివరికి దూకేస్తుందని నాకు ముందే తెలిసేది. తాయా దూకదేమో, ఇంటికి వెళ్ళిపోతుందేమో అని ఆ రోజు ఆశపడ్డాను. ఆశపడి, ఏడ్చాను. రిమ్మా నా చెయ్యి ఇంకా గిల్లినట్టే పట్టుకుని ఉంది గాని, గిల్లడం మర్చిపోయింది.

ఆమె దూకింది. గంట మోగింది. తెర దిగింది.

వెనియమీన్ సవేల్యెవిచ్ కుడిచెయ్యి ఎత్తాడు.

గ్యాలరీ అంతా ఆ చెయ్యి చూసింది. పాతవాళ్ళకి తెలుసు, కొత్తవాళ్ళకి పాతవాళ్ళు సైగ చేశారు. చిటుక్కుమన్న శబ్దం లేదు. కింద ఎవరో ఒకరు చప్పట్లు మొదలెట్టబోయి, పైనుంచి ఏమీ రాకపోయేసరికి తప్పు చేశామేమోనని చేతులు ఒళ్ళో పెట్టేసుకున్నారు. గంట రొద సన్నబడింది, ఇంకా సన్నబడింది, పోయింది. అంత గొప్ప నిశ్శబ్దం ఆ హాల్లో నేను ఎరగను. ఆ కాసేపూ ఆయన చెప్పిందే నిజమనిపించింది.

ఇప్పుడు దించుతాడు అనుకున్నాను. దించలేదు. పక్కకి తిరిగి చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నాడు. కన్నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి. చెయ్యి ఎత్తిన సంగతే మర్చిపోయాడు.

ఆ చెయ్యి పట్టుకుని నేను కిందికి లాగేయాల్సింది. పక్కనే ఉన్నాను. గ్యాలరీ పెద్ద చెయ్యి ఎవరైనా లాగుతారా అని ఆగాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

హాల్లో దీపాలు వెలిగాయి. తెర వెనక కొత్త కుర్రాడికి చప్పుడు వినబడలేదు, ఆట అయిపోయిందనుకున్నాడు. దీపాలు వెలిగితే మా ఊరివాళ్ళు ఏం చేస్తారో అదే చేశారు. చలికోట్లు అప్పజెప్పిన గదిలో వరస పెరగకముందే చేరుకోవాలని లేచి పరుగెత్తారు. కుర్చీలు టపటపమన్నాయి. ఆ చప్పుడుకి వెనియమీన్ సవేల్యెవిచ్ కళ్ళు తెరిచి, చెయ్యి దించాడు.

అప్పుడు కొట్టాం. అరిచాం, కాళ్ళతో నేల దడదడలాడించాం. రిమ్మా రెయిలింగు మీదికి సగం వంగి "తాయా, తాయా" అని కేకలేసింది. కిందివాళ్ళు వీపులు చూపిస్తూ తలుపుల్లో తోసుకుంటున్నారు. పెద్దాయన బాక్సు ఖాళీగా ఉంది. తెర కదల్లేదు. ఆవిడ అప్పటికే తన గదికి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది.

వెనక గుమ్మం దగ్గర మంచులో నిలబడ్డాం. ఆయన చేతిలో కాగితం చుట్టిన ఎర్ర పువ్వులు. చలికాలంలో ఎక్కడ సంపాదించాడో ఏమో.

తాయా బూడిదరంగు కోటు వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని వచ్చింది. దగ్గర్నుంచి చూస్తే చాలా చిన్న మనిషి. మమ్మల్ని గుర్తుపట్టి ఆగింది.

"మీరా. ఈ చలిలో ఎందుకు నిలబడ్డారు?"

ఆయన పువ్వులు ఇచ్చాడు.

"థాంక్సండీ. పువ్వులకే కాదు," అంది ఆవిడ. "చెలికత్తెగా వచ్చినప్పుడల్లా పైనుంచి మీరు కొట్టే చప్పట్లు నాకు వినబడేవి. మొదట మొదలయ్యేవి మీవేనని లోపల అందరికీ తెలుసు. ఇవాళ మీరు కొట్టలేదు. నిజం చెప్తున్నా, మొదట కాస్త బాధేసింది. తర్వాత అనుకున్నాను, నా మీద జాలిపడి కొట్టి ఉంటే ఇంకా బాధపడేదాన్ని. అబద్ధం ఆడనందుకు థాంక్స్."

"కాదు తాయిసియా పావ్లొవ్నా," అన్నాడాయన. "కాదు, అలా కాదు. అది మౌనం. పాత ఆచారం. మేం ఎవరికీ ఇవ్వం. యుద్ధం అయ్యాక ఒక్కసారి..."

ఆయన చెప్పాడు, అంతా చెప్పాడు, తడబడుతూ, మొదటిది చివర, చివరిది మొదట. నేనూ అందుకున్నాను. రిమ్మా కూడా, "నిజమండీ, నేను దోల్గినా మనిషిని, నామీద ఒట్టు," అంది. ఎంత చెబితే అంత ఓదార్పులా వినిపించింది మా మాట. అది నాకే వినబడుతోంటే ఆవిడకి వినబడదా?

తాయా శ్రద్ధగా విని తలూపింది, జ్వరంలో ఉన్నవాళ్ళ మాటలకి తలూపినట్టు.

"అలాగా," అంది. "మీరు చాలా మంచివాళ్ళు."

వీధి చివర ట్రాలీబస్సు కనబడింది. ఆమె అటు నడిచింది. అప్పుడు వెనియమీన్ సవేల్యెవిచ్ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఉన్ని చేతితొడుగులు ఉన్నాయి, చప్పుడు రాలేదు. పళ్ళతో వాటిని లాగి మంచులో పడేసి వట్టి చేతులతో కొట్టాడు. దారిన పోయేవాళ్ళు తాగినవాడేమో అన్నట్టు చూసి తప్పుకున్నారు. తాయా మెట్టెక్కుతూ ఒకసారి తిరిగి, ఇంక చాలు ఇంటికి వెళ్ళండి అన్నట్టు చెయ్యి ఊపింది. తలుపు మూసుకుంది.

వేసవికి పెన్షన్ ఇచ్చేశారు. వోల్గా పక్క ఏదో ఊళ్ళో పిల్లలకి నేర్పుతోందని రిమ్మా చెప్పింది. ఆ వేషం ఆమె మళ్ళీ వేయలేదు. నాకు తెలిసి ఆ నడక ఆ ఒక్క మధ్యాహ్నమే జరిగింది, చూసినవాళ్ళలో సగంమంది కోట్ల కోసం పరుగెత్తారు.

శరదృతువు వచ్చాక దోల్గినా చీలమండ నయమై తిరిగి వచ్చింది. 'గంటల మేస్త్రీ కూతురు' ఆడిన సాయంత్రం వెనియమీన్ సవేల్యెవిచ్ వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు. ఎప్పటి స్తంభం పక్కనే నిలబడ్డాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని. మొదటి అంకంలో గానీ రెండో అంకంలో గానీ బయటికి తీయలేదు. గ్యాలరీ ఎవరి చెయ్యి చూడాలో తెలియక ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టారు.

మూడో అంకంలో చెలికత్తె వచ్చింది. కొత్త పిల్ల, పేరు కూడా నాకు తెలియదు. ఓ మూల నిలబడి హీరోయిన్ నడవడం చూస్తోంది. వాద్యాలు దాదాపు ఆగిపోయాయి. అప్పుడు ఆయన చేతులు జేబుల్లోంచి తీసి, చప్పట్లు కొట్టాడు, ఒక్కడే, గట్టిగా, ఎవరూ కొట్టకూడని చోట. హాలంతా పైకి తిరిగి ఉష్ అంది. దోల్గినా పాదం ఒక్క క్షణం వణికింది. రిమ్మా కళ్ళెర్రజేసి, "కాపా పిన్నీ, ఆపు ఆయన్ని," అంది నా చెవిలో.

ఆయన చూపు వెంటే నేను చెలికత్తె పావడా అంచు కేసి చూశాను. ఆ పిల్ల కాళ్ళు కదులుతున్నాయి. నేనూ కొట్టాను.