పైపుకి స్నానం

మంగళవారం ఉదయం పదకొండింటికి మామిడికుదురు దగ్గరి గ్యాస్ కేంద్రంలో ఒక పైపుకి వేపాకు నీళ్లతో స్నానం చేయించారు.

అంతకు గంట ముందు తనిఖీ ఇంజనీరు ఉమామహేశ్వరి అక్కడికి వచ్చింది. పైపు రంగు మీద బఠాణీ గింజలంత పొక్కులు కనబడ్డాయి. పక్కనే వేపమండలు కట్టి ఉన్నాయి. పైపుకి ఆటలమ్మ పోసిందని సిబ్బంది తేల్చుకున్నారు. రంగు కింద తుప్పు మొదలైతే ముందు లేచేవి ఇలాంటి పొక్కులేనని ఆమెకు తెలుసు. మధ్యాహ్నం ఆ పైపులోకి గ్యాస్ వదలాలి. ఆమె గీకడానికి చాకు తీసింది.

సూపర్‌వైజర్ శ్రీరాములు అడ్డం నిలబడ్డాడు.

“గిల్లకూడదండీ మేడమ్ గారూ. మచ్చ పడిపోద్ది.”

“మచ్చ పడితే దీనికి సంబంధాలు రావా ఏంటండీ?”

“ఎకసెక్కాలొద్దండీ. అమ్మవారికి కోపమొస్తే ఊరికి మంచిది కాదు.”

“పైపు పేలితే ఊరుండాలి కదండీ! ఈ పొక్కులు ఎప్పుడు లేచేయి?”

“పోయిన సోమవారమండీ.”

“వారం దాటింది. మీ ఇంట్లో అయితే ఈపాటికి స్నానం పోసేద్దురా, లేదా?”

శ్రీరాములు ఆలోచించాడు.

“ఆయ్. పోసేద్దుమండీ.”

రెండు బిందెలు కాచి పోశారు. ఉమామహేశ్వరి తువ్వాలు తీసుకుని గట్టిగా ఒత్తి తుడిచింది. పొక్కులతో పాటు రంగు ఊడి వచ్చింది. కింద తుప్పు, గుంటలు. మందం కొలిస్తే పైపు సగమే మిగిలింది. మధ్యాహ్నం గ్యాస్ వదలలేదు.

శుక్రవారం కొత్త పైపు బిగించారు. శనివారం ఆమె వెళ్లి చూసేసరికి దానికి ముందుగానే వేపమండ కట్టి ఉంది.